మోరీ మూత పక్కన ఆరు రాళ్లు

ఎల్లమాస పండుగ నాడు, మా చేనులో, అందరూ చూస్తుండగా మా తమ్ముడి నెత్తి పగలగొట్టాను. చేతిలో ఇత్తడి చెంబు ఉంది, దాన్నిండా అంబలి ఉంది, దానితోనే కొట్టాను. రక్తమూ అంబలీ కలిసి వాడి కనుబొమల మీదుగా కారాయి. వాడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. దాంతో నాకు కోపం ఇంకా పెరిగి రెండోసారి ఎత్తాను. అప్పుడు మా చిన్నాయన నా జుట్టు పట్టి వెనక్కి లాగాడు.

ఊళ్లో ఇప్పటికీ ఈ సంగతి చెప్పుకుంటారు. చెప్పుకున్న ప్రతిసారీ కొంత కలుపుతారు. గొడ్డలితో నరికిందని కంగ్టి దాకా పాకింది. గొడ్డలి అక్కడ లేదు. ఉంటే ఏం జరిగేదో నేనూ చెప్పలేను. నాకు కోపం వస్తే కళ్లు కనపడవని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆ రోజు మాత్రం కళ్లు బాగానే కనపడ్డాయి, అందుకే కొట్టాను.

మాది నారాయణఖేడ్ నుంచి కంగ్టి దాటాక, కర్ణాటక గట్టుకు ఆనుకుని ఉన్న పల్లె. వానను నమ్ముకున్న కంది, పత్తి. వాన మొండికేస్తే పట్నం బస్సు. నేను ఖేడ్‌లో డిగ్రీ చదివి పట్నం వెళ్లాను. పట్నంలో ఇళ్ల నుంచి వచ్చే మురుగునీళ్లను శుభ్రం చేసి మూసీలోకి వదిలే పెద్ద ప్లాంటు ఒకటి ఉంది, దాని ల్యాబులో ఉద్యోగం. సిర్గాపూర్ వైపు నుంచి వచ్చిన ఒక మనిషి అక్కడే మురుగు వచ్చి పడే ముఖద్వారం దగ్గర పనిచేసేవాడు. తక్కువ మాట్లాడేవాడు. నేను మాట్లాడేది ఇద్దరికీ సరిపోతుందని అతన్నే చేసుకున్నాను.

మా ఉద్యోగం సంగతి ఊళ్లో తెలిశాక ఎగతాళికి అంతులేదు. "పట్నపోళ్ల పియ్యి కడుగుతరంట మొగడు పెండ్లాం" అని మా మేనత్త దావత్‌లో అందరూ వినేటట్టు అంది, నేను వడ్డించిన గిన్నె పక్కకు జరిపింది. నేను ఆ గిన్నె తీసుకెళ్లి ఆమె ముందే మళ్లీ పెట్టాను. "అత్తా, నువ్వు పట్నం వోతే మా ఇంట్ల నీళ్లు తాగుతవ్ గదా. నువ్వు పోసిన నీళ్లు ఏడికి వోతయో ఎన్నడన్న సోచాయించినవా?" అని అడిగాను. ఆమె సోచాయించలేదు. ఎవరూ ఆలోచించరు. గుండీ నొక్కి, చెంబెడు నీళ్లు కొట్టి, తలుపు వేసుకుని బయటికి వస్తారు. అక్కడితో లోకం శుభ్రమైపోయిందనుకుంటారు.

అప్పటి నుంచి ఇంటికి వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూర్చుని పాఠం చెప్పేదాన్ని. మొదట ఇనుప జల్లెడలుంటాయి. గుడ్డలు, జుట్టు, ప్లాస్టిక్ సంచులు, చచ్చిన ఎలుకలు, ఒకసారి కుక్కర్ మూత, అన్నీ అక్కడ ఆగుతాయి. తర్వాత ఇసుక అడుగుకు దిగుతుంది. ఆ తర్వాత చెరువంత ట్యాంకులు, వాటి అడుగు నుంచి పెద్ద మిషన్లు గాలి ఊదుతుంటాయి. ఆ నీళ్లను కడిగేది సబ్బు కాదు, మందు కాదు. కంటికి కనపడని ప్రాణులు. మా వాళ్లు వాటిని పురుగులంటారు. మనం గాలి ఇస్తే అవి మన మురికిని తిని బతుకుతాయి. తిని, బలిసి, ముద్దకట్టి అడుగుకు దిగితే పైన తేట నీళ్లు మిగులుతాయి. దిగిన ముద్దలో కొంత మళ్లీ ట్యాంకులో కలుపుతాం, పాలకు తోడు వేసినట్టు. తేట నీళ్లలో క్లోరిన్ కలిపి నదిలోకి వదులుతాం. ఈ పని జరగకపోతే మురికిని కుళ్లబెట్టే పని నదే చేసుకోవాలి. అప్పుడు నీళ్లలోని గాలి అంతా దానికే అయిపోయి చేపలు ఊపిరాడక చస్తాయి.

"ఏం గలీజు వచ్చినా సరే, మోరీల వడ్డదంత మా కాడికొస్తది. మేం కడిగి మూసీల ఇడుస్తం," అని ముగించేదాన్ని. మా తమ్ముడు గడప మీద కూర్చుని నోరు తెరుచుకుని వినేవాడు. నాకన్నా ఆరేడేళ్లు చిన్న. పత్తి రెండేళ్లు వరసగా పోయాక వాడూ పట్నం చేరి ట్యాంకర్ నడుపుతున్నాడు. నీళ్ల ట్యాంకరని చెప్పాడు. నీళ్ల ట్యాంకరే అనుకున్నాం.

ఇక ఆ పొద్దున. నేను అప్పుడే డ్యూటీ ఎక్కి ల్యాబులో సీసాలు కడుగుతున్నాను. ముఖద్వారం దగ్గర జల్లెడకు పెద్ద గుడ్డల చుట్ట అడ్డం పడింది. మా ఆయన నడుముకు బెల్టు, బెల్టుకు తాడు కట్టుకుని మెట్ల మీదుగా కిందికి దిగాడు. ఆ బెల్టు వేసుకోవడం అతనికి ఇష్టముండేది కాదు. నేను రోజూ తిట్టి పంపేదాన్ని, అందుకు వేసుకునేవాడు. అక్కడ కుళ్లిన గుడ్ల వాసన ఎప్పుడూ ఉండేదే. ఆ పొద్దున వాసన ఒక్కసారిగా గుప్పున కొట్టి, వెంటనే మాయమైందట. వాసన పోతే మంచిదనుకుంటారు తెలియనివాళ్లు. ఆ గాలి మితిమీరితే ముందు ముక్కునే చంపుతుంది. ఎవరో పైనెక్కడో మురుగు మోరీలో యాసిడ్ పోశారు. యాసిడ్ దారిపొడుగునా మురుగులోని విషాన్ని లేపుకుంటూ వచ్చి మా గుంతలో బుస్సుమంది.

అరుపు విని పరుగెత్తాను. కింద మెట్టు మీద మా ఆయన బోర్లా పడి ఉన్నాడు, ఒక కాలు మురుగులో ఉంది. నేను దిగబోయాను. కల్హేర్ వైపు నుంచి వచ్చిన ఒక పాత మనిషి మాతో పనిచేస్తాడు. నన్ను వదినా అని పిలిచేవాడు. ఆయన నా చెంప మీద ఎంత బలంగా కొట్టాడంటే నేను రెయిలింగుకు తగిలి కింద పడ్డాను. లేవబోతే మోకాలు నా వీపు మీద పెట్టి నొక్కాడు. "దిగితే నువ్వు గూడ పోతవ్! ఎన్నడన్న ఒక్కడే సచ్చిండా గీ గుంతల? ఎనుక దిగినోళ్లే ఎక్కువ సస్తరు!" అని అరిచాడు. నేను ఆయన చెయ్యి కొరికాను. ఆ పంటి గాటు ఇంకా ఉంది, కనపడినప్పుడల్లా నాకు చూపిస్తాడు.

తాడు పట్టి నలుగురు లాగారు. మనిషిని లాగినట్టు కాదు, బావిలో పడ్డ గొడ్డును లాగినట్టు లాగారు. ప్రతి మెట్టుకూ అతని ముఖం కొట్టుకుంది. పైకి వచ్చేసరికి ముందు పళ్లు లేవు, పెదవులు నల్లగా ఉన్నాయి, నోట్లోంచి నురగ వస్తోంది. దవాఖానలో గొంతులోకి గొట్టం దింపి మిషన్‌కు కట్టారు. నేను అద్దంలోంచి ఆ మిషన్‌ను చూస్తూ, యాసిడ్ పోసినవాడు ఎవడైనా సరే, వాణ్ని అదే మెట్ల మీదుగా అలాగే లాగాలని మొక్కుకున్నాను. దేవుడికి మొక్కానో నాకు నేనే మొక్కుకున్నానో తెలియదు.

ఊరికే కూర్చోలేక ఒక పూట ల్యాబుకు వెళ్లాను. మైక్రోస్కోప్ కింద ఒక చుక్క పెట్టి చూశాను. మంచి రోజుల్లో సన్నని కాడల మీద చిన్న చిన్న గంటల్లాంటి ప్రాణులు కనపడతాయి. నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉంటాయి. అవి ఆడుతుంటే నీళ్లు బాగున్నట్టు లెక్క. ఆ రోజు అన్నీ చచ్చి పడున్నాయి. అవి మనిషి కడుపులోంచి వచ్చింది ఏదైనా తింటాయి. ఫ్యాక్టరీలో వండింది తినలేవు, దాన్ని తాకితే చస్తాయి. ట్యాంకు మీద గోధుమరంగు నురగ నిలువెత్తున లేచింది. నదిలోకి పోయే నీళ్లు మేం ఎన్ని తిప్పలు పడ్డా తేరలేదు.

నదికి దిగువన ఉన్న ఊళ్లవాళ్లు వచ్చారు. చచ్చిన చేపలను గోనెసంచుల్లో మోసుకొచ్చి మా గేటు మీద గుమ్మరించారు. వాటి వెనకే రాళ్లు వచ్చాయి. ల్యాబు అద్దం పగిలి నా బల్ల మీద పడింది. వాళ్లది తప్పనలేను. ఇల్లు కాలినవాడు నిప్పు ఎవరు పెట్టారని అడుగుతాడా, ఎదురుగా కనపడ్డవాడినే పట్టుకుంటాడు. మా ప్లాంటు వాళ్లూ అంతే చేశారు. ఆ దారిన పోతున్న సెప్టిక్ ట్యాంకర్‌ను ఆపి, డ్రైవర్‌ను కిందికి గుంజి, పారకర్రలతో కొట్టారు. వాడు ఇళ్ల గుంతలు ఖాళీ చేసుకుని మా దగ్గరికే, పద్ధతి ప్రకారం తెచ్చేవాడు. "నేను గాదు, నేను గాదు" అంటూనే ఉన్నాడు. చెయ్యి విరిగిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినపడింది. అసలువాడు దొరికితే వీళ్లు ప్రాణం తీస్తారని అప్పుడు అర్థమైంది. తీయనీ అనుకున్నాను.

పోలీసు కేసు పెట్టారు గానీ పేరు లేదు. యాసిడ్ ఎక్కడ పోశారో వెతకడానికి మా వాళ్లు లైను వెంబడి పైకి వెళ్లారు. ఒక్కొక్క మూతా తెరిచి చూసుకుంటూ వెళ్లారు. నీటి నమూనాలు పట్టడానికి నన్ను తీసుకెళ్లారు. ఫ్యాక్టరీల వెనక ఒక మట్టిరోడ్డు పక్కన మూత దగ్గర సిమెంటు పెచ్చులూడి పచ్చగా ఉంది, గడ్డి మాడిపోయింది. ఇక్కడేనని అందరికీ తెలిసిపోయింది. అంతలో ఒకతను నవ్వాడు. "గిది జూడుండ్రి, మోరీకి పూజ జేసిండ్రు."

మూత పక్కన రాళ్లు నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ సున్నం పూసి, మీద కుంకుమ బొట్టు పెట్టారు. ముందర చీమలు పట్టిన బెల్లం ముక్క ఉంది. ఐదు రాళ్లు వరసగా ఉన్నాయి. ఆరోది జానెడు వెనక ఉంది.

మా సరిహద్దు పల్లెల్లో భూమి మీద ఏ పని మొదలుపెట్టినా, బోరు వేసినా, నాగలి కట్టినా, ఐదు రాళ్లను పాండవులని నిలబెట్టి దండం పెడతారు. అది మా వైపు ఎవరైనా చేస్తారు. ఆరో రాయి మాత్రం మా అమ్మది. ఐదుగురి వెనక ఇంకొకటి పెట్టిస్తుంది. ఎవరైనా అడిగితే "గాడు గూడ కుంతి కొడుకే గద, ఆకలైతది" అంటుంది. ఊళ్లో ఇంకెవరూ పెట్టరు. మా ఇంట్లో పుట్టినవాళ్లు పెట్టకుండా ఉండలేరు.

ఆ మూత పక్కనే కూర్చున్నాను. మొగుడు మిషన్ మీద ఉన్న దిగులుతో కూర్చున్నానని మా వాళ్లు అనుకుని నీళ్లు తాగించారు. నీళ్ల ట్యాంకరట! వెధవ పని చేస్తూ, ఆ చేసే ముందు పాండవులకు బెల్లం పెట్టి దండం పెట్టుకున్నాడు. ఏ దొంగ అయినా ఆనవాలు చెరిపి పోతాడు. మావాడు బొట్టు పెట్టి పోయాడు. నాకు ఏడుపు రాలేదు. వాడి మెడ నా రెండు చేతుల్లో ఎలా పడుతుందో అదే కనపడింది.

పేరు చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ల చేతుల్లో పారకర్రలున్నాయి. వాణ్ని నేను కొట్టాలి గానీ వీళ్లు కొట్టడమేంటని ఒక వంక. మా అమ్మకు వాడొక్కడే కొడుకని ఇంకో వంక.

మా ఆయనకు మిషన్ తీశారు. ఊపిరితిత్తులు లోపల కాలినట్టయ్యాయని, బరువు పని ఇక చేయకూడదని, కొంతకాలం మంచి గాలి ఉన్న చోట ఉంచమని డాక్టరు చెప్పాడు. మా అమ్మ ఫోన్ చేసి "తోల్కరా, నేను సూస్కుంట" అంది. ఎల్లమాస దగ్గర పడింది. చలికాలం నడుమ వచ్చే ఆ అమావాస్యకు మా వైపు వంట ఇంట్లో, తిండి చేనులో. ఎంత దూరాన ఉన్నా మనుషులు వస్తారు. వాడూ వస్తాడని నాకు తెలుసు.

వచ్చాడు. ఆటో చేను దాకా పోలేదు. మా ఆయన గట్టు మీద పది అడుగులు వేసి, నడుము మీద చేతులు పెట్టుకుని ఆగిపోయాడు. మా తమ్ముడు ముందుకొచ్చి, వంగి, బావను వీపు మీద ఎక్కించుకుని చేను నడుమ దాకా మోసుకెళ్లాడు. మెల్లగా మంచం మీద దించి దుప్పటి కప్పాడు. మా అమ్మ చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "సూడే, సొంత తమ్ముడైన గింత జెయ్యడు" అని నాతో అంది. నా పళ్లు కటకటలాడాయి.

ఆడవాళ్లం గంపలు దించాం. సజ్జ రొట్టెలు, అన్ని కాయలూ గింజలూ కలిపి వండిన బజ్జి, అంబలి. చొప్పతో చిన్న గుడిసె కట్టారు. లోపల రాళ్లు పెట్టమని చిన్నాయన మా తమ్ముడికి చెప్పాడు. వాడు గొంతుక్కూర్చుని సున్నం తడిపి, ఒక్కొక్క రాయీ తుడిచి, వరసగా నిలబెట్టాడు. చివరి రాయి చేతిలోకి తీసుకుని, జానతో కొలిచి, వెనక పెట్టాడు. బొట్టు పెట్టి రెండు చేతులూ జోడించాడు. ఆ జోడించిన చేతులు చూసేసరికి నా చేతిలో చెంబు లేచింది.

చిన్నాయన నన్ను లాగేలోపు ఒక దెబ్బ గట్టిగా పడింది. మా అమ్మ వచ్చి నా రెండు చెంపలూ వాయించింది. "దయ్యం వట్టిందా నీకు? పండుగ పూట నెత్తురు సూపిస్తవా?"

"అడుగు!" అని అరిచాను. "పట్నంల మోరీ కాడ రాళ్లెందుకు వెట్టినవో గాన్ని అడుగు! గా మంచంల ఉన్నోడు ఎందుకు దగ్గుతుండో అడుగు!"

 వాడు నెత్తి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం సున్నం మీద పడుతోంది. అప్పుడు వాడు చెప్పిన మాట నేను చచ్చేదాకా మరిచిపోను.

"మా ట్యాంకర్ సేటు ఫ్యాక్టరీ నీళ్లు వాగుల ఇడ్వుమన్నడక్కా. ఫ్యాక్టరీ ఎనుక వాగు. గా వాగుల బర్లు తాగుతయి, నాకు మనసొప్పలె. నువ్వే జెప్తివి గదా, మోరీల వడ్డదంత మీ కాడికొస్తది, మీరు కడిగి ఇడుస్తరని. మా అక్క కాడికే వోతది, ఇగ ఏం ఖరాబు గాదనుకొని మోరీల వోసిన. మనుషులకు తాకుతదని నాకు తెల్వదు."

వాడి మాటల్లో అబద్ధం లేదు. నాకు తెలుసు, వాడు అబద్ధం చెబితే చెవులు ఎర్రబడతాయి. నా చెంబు దెబ్బ వాడికి తగిలిందో లేదో గానీ వాడి మాట నా నడినెత్తిన పడింది. పట్నంలో ఇంతమంది చదువుకున్నవాళ్లు ఉండగా, మా పనిని అంత నమ్మినవాడు వీడొక్కడే దొరికాడు. నమ్మి, యాసిడ్ పోశాడు.

"గంత వాసనొస్తది, కండ్లు మండుతయి, నీళ్లు గాదని తెల్వలేదారా? బెల్లమెందుకు వెట్టినవ్ మరి?" అన్నాను.

"తప్పని తెల్సు," అన్నాడు. "గింత తప్పని తెల్వదు."

మంచం కిర్రుమంది. మా ఆయన లేచాడు. ఎవరూ పట్టుకోకుండానే మెల్లగా నడిచి వచ్చాడు. జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి. వంగి మా తమ్ముడి కాలర్ పట్టుకుని పైకి లేపాడు, పిడికిలి బిగించాడు. కొట్టడానికి ఊపిరి అందలేదు. దగ్గు మొదలైంది, వంగిపోయాడు, కాలర్ వదలకుండానే వాడి మీద పడ్డాడు. వాడు బావ నడుము చుట్టూ చేతులు వేసి పడకుండా పట్టుకున్నాడు. మా ఆయన దగ్గుతూనే వాడి ఛాతీ మీద పిడికిలితో గుద్దుతున్నాడు. పసిపిల్లవాడి దెబ్బలంత బలం కూడా లేదు. వాడు ఏడుస్తున్నాడు. నేను అంత ఘోరమైన కొట్లాట ఇంకెక్కడా చూడలేదు.

చిన్నాయన నన్ను పక్కకు పిలిచాడు. "అయిందేదో అయింది. బీదర్ కాడ మా షడ్డకుడున్నడు. పొద్దుగూకే లోపట గట్టు దాటిస్త. నువ్వు నోరు మూస్కుంటే సాలు."

నోరు మూసుకోవడం నాకు రాదు, అయినా ఆ ఒక్క నిమిషం ఆలోచించాను. వీడు బీదర్ పోతాడు. సేటు ఇంకో డ్రైవర్‌ను పెట్టుకుంటాడు. వాడికి బర్రెల మీద జాలి ఉండదు, బెల్లం పెట్టడు, ఏ ఆనవాలూ వదలడు. ట్యాంకర్ తిరుగుతూనే ఉంటుంది. ఆ గుంత దగ్గర నా మొగుడు కాకపోతే ఇంకొకరి మొగుడు బెల్టు లేకుండా దిగుతాడు. సేటు ఎవరో, ట్యాంకర్ ఏ గేటులోంచి వస్తుందో చెప్పగలిగినవాడు వీడొక్కడే.

"నడువ్," అన్నాను వాడితో. "పట్నం వోదాం. ఠాణాల అంత జెప్పు. సేటు పేరు, గేటు, అన్ని."

మా అమ్మ గట్టు మీద అడ్డంగా నిలబడింది. "నీ మొగడు బతికిండు గదనే! బతికినోని కోసం నా కొడుకును సంపుతవా?"

"అవ్వా, ఎవ్వల్ని సంపుతలేను. ఇంకెవ్వలు సావొద్దంటున్న."

"నాకొక్కడే ఉన్నడు!"

"నాకు గూడ గాడొక్కడే తమ్ముడు."

ఆమె వంగి గుడిసెలోంచి ఒక రాయి తీసి నా మీదికి విసిరింది. భుజం మీద తగిలింది. ఇంకోటి తీసింది. నేను కదల్లేదు. రెండోది కూడా తగిలాక, మా తమ్ముడు వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, మూడోదాన్ని వేళ్లలోంచి విడిపించాడు. "ఇడువవ్వా. నేనే పోతున్న," అన్నాడు. ఆమె గట్టు మీద కూలబడి నన్ను తిట్టిన తిట్లు రాయడానికి నాకే సిగ్గేస్తుంది. తిడుతూనే లేచి, మంచం దగ్గరికి వెళ్లి, దగ్గు తగ్గని అల్లుడి వీపు నిమిరి, గోరువెచ్చని నీళ్లు పట్టింది. నన్ను రాళ్లతో కొట్టిన చెయ్యే అది. మా ఆయన్ను ఆమె దగ్గరే వదిలాను. ఆ నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఖేడ్ దవాఖానలో వాడి నెత్తికి కుట్లు వేయించాను. ఎట్ల తగిలిందని కాంపౌండర్ అడిగితే, "మా అక్క కొట్టింది," అన్నాడు. కాంపౌండర్ నన్ను ఎగాదిగా చూసి దూది ఇంకాస్త తడిపాడు. అక్కడి నుంచి బస్టాండుకు నడిచాం. నా భుజం వాచింది, వాడి చొక్కా నిండా అంబలి మరకలు. పండుగ కాబట్టి బస్సు సగం ఖాళీ. కిటికీ పక్కన వాణ్ని కూర్చోబెట్టి ఇవతల నేను కూర్చున్నాను. పారిపోతాడని కాదు, అలవాటు.

శంకరంపేట దాకా వాడి జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. సేటు. నేను ఫోన్ తీసుకుని, మోగనిచ్చాను. ఒకసారి ఎత్తి నాకు వచ్చిన బూతులన్నీ తిట్టాలనిపించింది. పేరూ నంబరూ ఠాణాలో చూపించాలి, అందుకే ఆగాను. మా ప్లాంటులో ఆ రోజుల్లోనే ఇంకో ప్లాంటు నుంచి బతికున్న ముద్దను తెచ్చి ట్యాంకుల్లో తోడు వేస్తున్నారు. నెల తిరిగేసరికి నీళ్లు తేరాయి, గంటల ప్రాణులు మళ్లీ ఆడాయి, మూసీలోకి మళ్లీ మేం వదలాల్సినవే వదిలాం. మా ఆయన ఊపిరికి అలా తోడు వేసే దారి లేదు. మెట్లెక్కితే ఇప్పటికీ నడుమ ఆగుతాడు.

జోగిపేట దాటాక వాడు అడిగాడు. "బావ మంచిగైతడా అక్కా?"

"బతుకుతడు," అన్నాను. 

సంగారెడ్డి రాకముందే వాడికి నిద్ర పట్టింది. దవాఖానలో ఇచ్చిన సూది వల్ల కావచ్చు. తల మెల్లగా వాలి నా భుజం మీద పడింది, సరిగ్గా అమ్మ రాయి తగిలిన చోట. ప్రాణం పోయినంత నొప్పి. తోసేద్దామని చెయ్యి ఎత్తి, మళ్లీ దించుకున్నాను. కట్టు పక్కన వెంట్రుకల్లో సజ్జ అంబలి ఎండి ఉంది. పట్నం దీపాలు మొదలయ్యేదాకా గోటితో కొంచెం కొంచెంగా గీకి తీస్తూ కూర్చున్నాను.

ఠాణా దగ్గర స్టాప్ వచ్చింది. "లే, వచ్చినం," అని నేనే లేపాను. వాడు కళ్లు తెరిచి, ఎక్కడున్నాడో తెలియక, నా ముఖం చూసి నవ్వాడు. ఆ తర్వాత గుర్తొచ్చింది. చొక్కా సర్దుకుని, నాకంటే ముందు తనే దిగాడు.